సొంత పొలానికి వాచ్‌మన్

రైతు బాగుపడాలంటే ఒక్కటే మార్గం, వ్యవసాయం మానెయ్యడం! కోప్పడకండి. గణపవరం దగ్గర ఏడుకొండలు గారిని చూశాక మీరూ ఇదే మాటంటారు.

ఆయన తన వరిపొలాన్ని చేపల చెరువుకని నరసింహరాజు గారికి లీజుకిచ్చారు. ఆ చెరువు మీదే నెలజీతానికి వాచ్‌మన్‌గా చేరారు. తాతల నాటి నుంచి ఆ నేలకి వాళ్లే కాపలా కాశారు గదా, ఎవరైనా పిలిచి జీతమిచ్చారా? ఇప్పుడు అదే గట్టు, అవే పాములు, కానీ ఒకటో తారీఖున జీతం! దీన్ని అభివృద్ధి అనకపోతే ఇంకేమంటారు?

రైతుగా ఉన్న రోజుల్లో మబ్బు పడితే ఆయనకి ముద్ద దిగేది కాదు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యానికి పరదా కప్పడానికి ఆలుమగలిద్దరూ పరుగులు పెట్టేవారు. ఇంతా చేసి అమ్మబోతే తేమ ఎక్కువుందనేవారు. ఆ తేమలో ఆయన భార్య రత్నమాణిక్యం గారి కన్నీళ్ల వాటా ఎంతో తేమ కొలిచే మెషిన్ చెప్పదు గదా! ఇప్పుడు వాన మొదలైతే ఏడుకొండలు గారు షెడ్డులో దుప్పటి ముసుగేస్తారు. తడిస్తే చేపలేగా తడిసేది!

రత్నమాణిక్యం గారు కూడా ఏలూరులో ఒక కాలేజీ హాస్టల్లో వంటకి వెళ్తున్నారు. ఊడ్పుల్లో వంగి వంగి పట్టేసిన నడుముతోనే గంగాళాలు దించుతున్నారు. బియ్యం బస్తాలు ఆటోలో దిగుతాయి. అవి ఎవరు పండించారో, పండించి ఎంత ఏడ్చారో ఆవిడకి అనవసరం. పైగా ఆదివారం సెలవు. వరిచేను ఎవరికైనా సెలవిచ్చిందా?

ఇంత సుఖం చూసి దేవుడికి కన్నుకుట్టింది. మేత రేటు పెరిగి, చేపల రేటు పడిపోయి, మొన్న రాజుగారు గట్టు మీదికొచ్చారు. ఆయన మంచి మనిషి, శుభవార్త చెబుతున్నాననే అనుకున్నారు. లీజు అయిపోయిందనీ, ఇక చెరువు చెయ్యననీ, తన ఖర్చుతోనే గట్లు చదును చేయించి పొలం అప్పజెబుతాననీ, హాయిగా మళ్లీ వరి వేసుకోమనీ చెప్పారు.

ఏడుకొండలు గారి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఉద్యోగం పోవడమే కాక, పొలం కూడా వచ్చిపడుతోంది! ఆయన రాజుగారికి చేతులు జోడించారు.

"నావల్ల ఏం తప్పు జరిగిందండీ, రాజుగారూ? కావాలంటే జీతం కోసుకోండి. పొలం మాత్రం ఇచ్చెయ్యకండి."