తొంభై నాలుగో నంబరు క్యాబ్

రేపు తెలంగాణ బంద్. అందుకని జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీ యజమాని సీతారామయ్యకు చూపించాల్సిన డెమోని ఈ రోజు పదకొండింటికే పెట్టేశారు. కొత్తగూడ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉదయ్ భాస్కర్ ప్రొబేషన్ ఈ వారంతో ముగుస్తుంది. డెమో కుదిరితే ఉద్యోగం ఖాయం, బెడిసికొడితే తిన్నగా సొంతూరు కాకినాడ బస్సే.

పని చిన్నదే. కాటా మీద బస్తా పెడితే బరువెంతో పక్కనున్న చిన్న బోర్డు మీద వెలగాలి. కంప్యూటర్‌కి ఇలాంటి పరికరాల తీగలు తగిలించే సీరియల్ పోర్టులన్నిటినీ ప్రోగ్రాం వరసగా పేర్చుకుంటుంది. ఆ వరసలో మొదటిది కాటా, రెండోది బోర్డు అనుకుంటుంది. ఉదయ్ ల్యాప్‌టాప్‌లో నిన్నటిదాకా చక్కగా పనిచేసింది. ఈ రోజే ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కించాడు.

"ఆయన వచ్చేలోగా ఒకసారి చూసేద్దామయ్యా" అన్నాడు మేనేజర్ విశ్వేశ్వరరావు.

బస్తా లేదు కాబట్టి ఉదయే కాటా ఎక్కాడు. బోర్డు వెలగలేదు.

"నీ బక్క ప్రాణం దానికి ఆనలేదు. దిగు, నేనెక్కుతా."

ఆయనెక్కాడు. అయినా వెలగలేదు.

"ఇదేం చోద్యం! నేనూ ఆనలేదా?"

ఇంతలో సెక్యూరిటీ భాగ్యమ్మ రొప్పుతూ వచ్చింది. బంద్‌కి ముందు ఈ రోజే రాస్తారోకో మొదలవుతుందన్న భయంతో ఆఫీసు వాళ్లంతా తొందరగా ఇళ్లకు బయల్దేరి, ఏ క్యాబ్ కదులుతుందో చెప్పే గేటు బోర్డు కిందే నిలబడి ఉన్నారు.

"సార్, జర కిందికి రాండ్రి! బోర్డు మీద యాభై ఎనిమిది పడంగనే సగం మంది ఉరికి ఆ నంబరు చందానగర్ బండి ఎక్కిన్రు. వేరే దిక్కు పోయే మెహదీపట్నమోళ్లు గూడ! ఇప్పుడు తొంభై నాలుగు పడ్డది. గా బండి ఏదని మిగిలినోళ్లు నన్ను పరేషాన్ చేస్తున్నరు. మనకున్నయే అరవై బండ్లు!"

ఉదయ్ కాటా వైపు చూశాడు. యాభై ఎనిమిది తన బరువే! గబగబా పోర్టుల జాబితా తెరిచాడు. కంప్యూటర్ వాటిని అంకెల్లా కాక అక్షరాల్లా పేర్చింది. ఒకటి, పది, ఆ తర్వాత రెండు. పదో పోర్టు ఇదే కంప్యూటర్‌కి తగిలించిన గేటు బోర్డుది, వరసలో రెండోదిగా అదే దొరికింది.

"తప్పయిపోయిందండీ. మన బరువులు గేటు మీద పడుతున్నాయండీ!"

విశ్వేశ్వరరావు ఒక్క గంతులో కాటా దిగాడు. అప్పటికే సీతారామయ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఉదయ్‌కి కళ్ల ముందు కాకినాడ బస్సు కదిలింది.

"ఆ తొంభై నాలుగు మీ బరువా? రోడ్డవతల నుంచి చదివానండీ! కాటా బోర్డు కనబడలేదని మా లారీ డ్రైవర్లతో రోజూ గొడవే. నాకీ చిన్నది వద్దు, అంత పెద్దదే పెట్టండి" అన్నాడాయన సంబరంగా.

సాయంత్రానికి ఉదయ్ ఉద్యోగం ఖాయమైంది. ఆనందంతో ఏడుపొక్కటే తక్కువ. పోర్టుల వరస సరిచేయడానికి అతనికి పది నిమిషాలు పట్టింది.

విశ్వేశ్వరరావుని మాత్రం ఆఫీసంతా ఇప్పటికీ తొంభై నాలుగో నంబరు క్యాబ్ అనే అంటోంది.