ఉమ్మడి సైలెన్సర్

"నిశ్శబ్దమే నాగరికత!"

మైకు కీచుమంది. ముందు వరసలో కూర్చున్నవాళ్లు చెవులు మూసుకున్నారు. శ్యామ్ గారు ఇంకాస్త గొంతు పెంచి మళ్లీ అన్నారు, "నిశ్శబ్దమే నాగరికత!" కొండాపూర్ కాఫీ షాపు అద్దాలు ఆ నాగరికతకి గజగజలాడాయి.

శ్యామ్ గారంటే మామూలు మనిషా! వారమంతా హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి డైరెక్టరు, వారాంతంలో బైకుల క్లబ్బుకి అధ్యక్షుడు. ఆ క్లబ్బులో అందరిదీ ఒకటే మోడల్ బండి. అది కొన్న వారం లోపే అందరూ చేసే శుభకార్యం కూడా ఒకటే. బండితో వచ్చిన కంపెనీ సైలెన్సర్‌ని పీకి పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేయడం, విదేశీ గొట్టం బిగించుకోవడం. ఆ గొట్టం మోగితే మదీనాగూడ హైవే మీద లారీలు సైతం భక్తిగా పక్కకి తప్పుకుంటాయి.

అలాంటి క్లబ్బుకి నిశ్శబ్దంతో ఏం పని పడిందంటారా? ఆదివారం ఊరవతల రేసు ట్రాక్‌లో ట్రాక్ డే. సిగ్నళ్లూ స్పీడ్ బ్రేకర్లూ లేని చోట తనివితీరా బండి తోలుకునే రోజన్నమాట. అయితే తమ గేదెలు బెదిరిపోయి పాలివ్వడం లేదని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గొడవకి దిగారు. దాంతో ట్రాక్ యాజమాన్యం రూలు పెట్టింది. ప్రతి బండి వెనకా మీటరు పెట్టి చప్పుడు కొలుస్తారు. హద్దు దాటకపోతే ట్యాంకు మీద పచ్చ స్టిక్కరు. దాటితే ఇంటికే!

వెంటనే శబ్ద నియంత్రణ కమిటీ ఏర్పడింది. ఛైర్మన్ ఎవరో వేరే చెప్పాలా?

"అంతా బాగనే ఉంది సార్, మరి మన గొట్టాలు ఎట్ల?" అని క్లబ్బు సభ్యుడు రవికిరణ్ అసలు సంగతి అడిగాడు.

శ్యామ్ గారి చల్లని చూపు ఆఖరి వరసలో నరేందర్ మీద వాలింది.

నరేందర్ శ్యామ్ గారి కంపెనీలోనే టీమ్ లీడు, మణికొండలో కాపురం. క్లబ్బు మొత్తంలో కంపెనీ సైలెన్సర్ ఇంకా ఉన్న బండి అతనిదొక్కటే. భార్య రేఖకి చప్పుడు పడదు. పైగా ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. "పిల్లో పిల్లగాడో వచ్చెటాలకు ఈ బండి ఇంట్ల ఉండొద్దు" అని ఆమె తేల్చి చెప్పేసింది. సోమవారం బామ్మర్ది వచ్చి బండి తీసుకుపోతాడు. "ఒక్కసారి, ఒకే ఒక్కసారి ట్రాక్ మీద తోలొస్త రేఖా! ఇగ జన్మల బండి మాటెత్తితే ఒట్టు" అని బతిమాలి సంపాదించుకున్న ఆదివారం అది.

"నరేందర్, నీ సైలెన్సర్ ఆ ఒక్కరోజు క్లబ్బు ఆస్తి అనుకో" అన్నారు శ్యామ్ గారు. "అందరం వరసగా బిగించుకుని స్టిక్కర్లు వేయించుకుంటాం. ఉన్న వనరుని నలుగురూ పంచుకోవడమే కదయ్యా టీమ్ వర్కంటే!"

"మరి నా బండి సార్?"

"నీకేంటయ్యా బెంగ? నీది ఎలాగూ పాసయ్యే బండి. ఆఖర్న పెట్టుకుందువుగాని."

అసలే శ్యామ్ గారి చేతుల్లో జీతాల పెంపు తేలే అప్రైజల్ నెల. నరేందర్ తలూపాడు. అయినా చెక్‌పోస్టు ముందు పక్కవాడి హెల్మెట్ అడిగి పెట్టుకునే ఊళ్లో సైలెన్సర్ అడిగి పెట్టుకోవడం వింతేం కాదు లెండి.

ఆదివారం వచ్చింది. ట్రాక్ పక్కన క్లబ్బు వ్యాను ఆగింది. వ్యాను వెనక బిగించడం, ముందుకొచ్చి మోగించడం, మళ్లీ వెనక్కెళ్లి విప్పడం. ఒక్కో బండి పెళ్లికూతురిలా నెమ్మదిగా వచ్చి పచ్చబొట్టు పెట్టించుకుని వెళుతోంది. మీటరు పట్టుకున్న ట్రాక్ ఉద్యోగి లింగమూర్తి కాసేపు చూసి బుర్ర గోక్కున్నాడు.

"ఏంది సారూ, అన్ని సైలెన్సర్ల మీద ఒక్కతీరు గీతనే ఉన్నది?"

"అది కంపెనీ డిజైనండి!" అన్నారు శ్యామ్ గారు తడుముకోకుండా.

"గట్లనా" అని లింగమూర్తి ఇంకో స్టిక్కరు చింపాడు.

చివరికి శ్యామ్ గారి బండీ పాసైంది. నరేందర్ పరుగెత్తుకెళ్లి ఆ బండికున్న తన సైలెన్సర్ విప్పబోయాడు. అది నిప్పులా కాలుతోంది. బోల్టు బిగుసుకుపోయింది. "జర ఎవరన్న ఒక చెయ్యి వెయ్యున్రి!" అని అరిచాడు. ఒక్కడు వస్తే ఒట్టు! అందరూ తమ తమ గొట్టాలు బిగించుకునే హడావుడిలో ఉన్నారు.

"ఇంకెవరన్న ఉన్నరా? మీటర్ బంద్ జేస్తున్న!" లింగమూర్తి కేక.

"ఇదిగో, ఇది పెట్టుకెళ్లు" అని శ్యామ్ గారు గడ్డిలో పడున్న తన విదేశీ గొట్టాన్ని కాలితో చూపించారు. దిక్కుతోచక నరేందర్ దాన్నే బిగించుకుని వెళ్లాడు. యాక్సిలరేటర్ తిప్పాడో లేదో, లింగమూర్తి మీటరు వదిలేసి అంత దూరం గెంతాడు. శ్యామ్ గారు రెండు చెవులూ మూసుకున్నారు.

"ఛీ ఛీ! ఏం చప్పుడయ్యా అది! మనుషులు వాడేదేనా?"

"సార్, గది మీదే!"

"ఎవరిదైతేనేం, మోగించింది నువ్వు కదా!"

నరేందర్ లింగమూర్తి చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, అందరు పెట్టుకున్నది నా సైలెన్సరే. నీ కండ్లతోని చూసినవ్ గద, గా గీత!"

లింగమూర్తి గొంతు తగ్గించాడు. "నువ్వన్నది నిజమే అనుకో తమ్మీ. గప్పుడు అందరి స్టిక్కర్లు పీకాలె, ట్రాక్ డే బంద్ వెట్టాలె. నువ్వొక్కనివి ఆగితే ఒడిశిపాయె గద!"

అక్కడికక్కడే శబ్ద నియంత్రణ కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఒక సభ్యుడి చప్పుడు వల్ల క్లబ్బు పరువు పోయిందని తీవ్రంగా విచారించి, నరేందర్‌ని ఏకగ్రీవంగా సస్పెండ్ చేసింది. తర్వాత ఛైర్మన్ గారికి తన గొట్టం అవసరం పడింది. నలుగురు నాలుగు స్పానర్లతో ఉరికొచ్చారు. ఇందాక మొండికేసిన బోల్టు ఒక్క తిప్పుకే ఊడొచ్చింది. నరేందర్ సైలెన్సర్ నరేందర్ చేతిలో పెట్టారు. మీటరు మాత్రం పెట్టెలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం దాకా పచ్చ స్టిక్కర్ల బండ్లు ఉరుముతూనే ఉన్నాయి. నరేందర్ కంచె అవతల గడ్డిలో కూలబడి చూశాడు. ఏడుపొచ్చింది. కోపమొచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ రోజు కాఫీ షాపులో తల ఊపకపోతే ఈపాటికి ఆ మలుపులో తనుండేవాడు! ఇక ఆ బండి మీద అలాంటి ఆదివారం రాదు.

పొద్దుగూకే ముందు యాజమాన్యం క్లబ్బుకి ఒక షీల్డు ఇచ్చింది. సొంత సభ్యుడని కూడా చూడకుండా చర్య తీసుకున్నందుకు, శబ్ద నియంత్రణలో ఆదర్శ క్లబ్బట! శ్యామ్ గారు షీల్డు గుండెలకి హత్తుకుని చుట్టూ చూశారు.

"నరేందర్! నువ్వు ఖాళీయేగా? ఒక ఫోటో తీసిపెట్టవయ్యా."

అందరూ బండ్లెక్కి వరసగా నిలబడ్డారు. ఫోటోకి ఊపు రావాలని ఇంజన్లు మోగించారు. నేల అదిరింది. నరేందర్ ఫోను ఎత్తి, ఇన్నేళ్లుగా కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారిగా కక్కేశాడు. "సిగ్గు లేదా సార్ మీకు? నా ఒక్క దినం గుంజుకున్నరు! దొంగలు మీరు, అందరు దొంగలే!" గొంతు చిరిగేలా అరిచాడు.

ఆ రొదలో ఒక్క ముక్క ఎవరికీ వినపడలేదు. శ్యామ్ గారు చిరునవ్వుతో బొటనవేలు పైకెత్తారు.

ఫోటో మాత్రం చాలా బాగా వచ్చింది.