మంటకు లొంగని డిస్కు

జమ్మలమడుగులో మేత భూముల హక్కుల రక్షణ మండలి చైర్మన్ జగన్నాథం గారు విలేకరులను పిలిచి, ఇకమీదట అగ్నిదేవుడికి మండలి రికార్డుల మీద ఎలాంటి అధికారమూ ఉండదని ప్రకటించారు. ముప్పై ఏళ్ల కాగితాలన్నీ డిజిటల్ అయిపోయాయనీ, మొత్తం ఒక్క హార్డ్ డిస్కులో ఒదిగిందనీ, దాన్ని దాచడానికి ఫైర్‌ప్రూఫ్ సేఫ్ కొంటున్నామనీ చెప్పి, డిస్కును అరచేతిలో ప్రసాదంలా పట్టుకుని ఫొటోకు నిలబడ్డారు.

వెనక నిలబడిన రికార్డు రూము సీనియర్ అసిస్టెంట్ కృష్ణకుమారికి మాత్రం చిన్న సందేహం. ఆ కాగితాల కట్టలన్నీ ఆమె చేతులతో కట్టినవే. స్కానింగ్ కంపెనీ వాళ్లు మూడు రోజులు ఏసీ గదిలో కూర్చుని పోయారు. తర్వాత చూస్తే ఏ కట్టకు వేసిన ముడి ఆ కట్టకు అలాగే ఉంది.

“సార్, ముడులు విప్పినట్టు లేదు. ఒకసారి డిస్కు తెరిచి చూద్దామా?”

“ఎక్స్‌రే తీసేదానికి మనిషిని కోస్తారామ్మా? ఇదీ అంతే. ఇప్పుడు తెరిస్తే వైరస్సు వొస్తాది. సేఫ్ రానీ.”

ఆమె తొందర ఆమెది. చిలమకూరు దగ్గర గొర్రెలు మేపుకునే చెన్నకేశవ రెండు నెలలుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. వాళ్ల తాతల నాటి నుంచి గొర్రెలు తోలుకుపోయే గుట్టకు ఎవరో కంచె వేస్తున్నారు. అది మేత భూమేనని చెప్పే పటం మండలిలో ఉంది. దాని నకలు కోర్టుకు చూపించాలి. అయితే కాగితం నకళ్లు ఆపేశారు. డిజిటల్ నకళ్లు సేఫ్ వచ్చాకే ఇస్తారు.

“ఇంగ ఎన్నాళ్లమ్మా?” అన్నాడు చెన్నకేశవ.

“సేఫ్ కొంటాండారప్పా.”

“నాకు సేఫ్ ఎందుకమ్మా? కాగితం సాలు.”

మర్నాడే చైర్మన్ గారు ఆమెను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు వెళ్లారు. బంగారు అంగళ్లకు బీరువాలు అమ్మే అబ్దుల్ వాహిద్ షాపులో అడుగుపెట్టగానే, మనిషెత్తు లాకరొకటి చూసి ముచ్చటపడ్డారు. తలుపు మీద లక్ష్మీదేవి కూడా ఉంది.

“అది దొంగలకు సార్, మంటకు కాదు,” అన్నాడు వాహిద్. “ఈ పక్కది కాగితాలకు. లోపల నూటడెబ్బై డిగ్రీలైనా కాగితం ఓర్చుకుంటాది. డిస్కు అట్ల కాదు. యాభై దాటితే దాని పానం పోతాది. డిస్కుకు ఇదిగో, ఈ చిన్నది.”

“ఈ పొద్దు ఎండెంత?”

“నలభై ఆరు సార్.”

చైర్మన్ గారు గంభీరంగా వేళ్లు మడిచి లెక్కవేశారు. “అంటే నాలుగు డిగ్రీలే తేడా. మన జిల్లాలో డేటా ఎంత ధైర్యంగా బతుకుతాండాదో చూడమ్మా!”

ఆయనకు చిన్న సేఫ్ నచ్చలేదు. పెద్ద మండలికి చిన్న సేఫ్ ఏమిటని బాధపడ్డారు. అయినా కృష్ణకుమారి పట్టు విడవలేదు. పెద్దదాంట్లో పెట్టి డిస్కు ఉడికిపోతే సంతకం నాది కాదని తేల్చి చెప్పింది. చివరికి వాహిద్, ఈ చిన్న సేఫ్‌ను కొలిమిలో గంటసేపు కాల్చి పరీక్షించారని చెప్పాడు.

చైర్మన్ గారి కళ్లు మెరిశాయి. “వాళ్లు కాల్చింది వాళ్ల మంటలో. మన మంటలో కాల్చి జనానికి చూపించల్ల!”

అలా, జనం ఎక్కువ వస్తారని, పులివెందులలో బహిరంగ అగ్నిపరీక్ష ఖాయమైంది. షామియానా వేశారు, ఫైరింజన్ వచ్చింది, పెద్ద తెర కట్టారు. కబురు తెలిసి చెన్నకేశవ కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. అంతలో మండలి లారీ వచ్చి ఆగింది. అందులో ఎర్ర గుడ్డ కట్టలు. రికార్డు రూము మొత్తం.

“ఇవి ఈడికెందుకొచ్చినాయి సార్?” అడిగింది కృష్ణకుమారి.

“కట్టెలకని చెట్లు కొట్టమంటావా? డిజిటల్ అయినంక ఇవి చెత్తే కదమ్మా. పర్యావరణం గురించి కూడా ఆలోచించల్ల.”

“డిస్కు తెరిచి చూసినాకనే కాలుద్దాం సార్. మీకు దండం పెడతా.”

“ముహూర్తం దాటిపోతాది.”

ఆమె లారీ దగ్గరికి వెళ్లి చిలమకూరు కట్ట వెతికి తీసింది. డిస్కును సేఫ్‌లో పెట్టాల్సింది ఆమే కాబట్టి, కట్టను అడుగున పెట్టి, దాని మీద డిస్కు పెట్టి తాళం వేసింది. మిగతా కట్టలు సేఫ్ చుట్టూ పేర్చి నిప్పు పెట్టారు. చప్పట్లు మోగాయి.

ముప్పై ఏళ్ల కాగితం బాగా మండింది. గాలికి ఎగిరొచ్చిన ఒక ముక్క మీద తన దస్తూరీ చూసి కృష్ణకుమారి ముఖం తిప్పుకుంది. గంట తర్వాత నీళ్లు కొట్టారు. మరో రెండు గంటలు చల్లార్చారు. సేఫ్ నల్లబడింది గానీ తలుపు హాయిగా తెరుచుకుంది. కంప్యూటర్ ఆపరేటర్ నరేష్ డిస్కును ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. తెర మీద ఒక్కటే ఫైలు కనబడింది. తెరిచాడు.

“గౌరవనీయులైన చైర్మన్ గారికి. ఈ డిస్కు నమూనా మాత్రమే. అసలు కట్టలు మా ఆఫీసుకు పంపిన వెంటనే స్కానింగ్ ప్రారంభించగలము.”

నరేష్ ఇంకో ఫైలుందేమోనని డిస్కంతా వెతికాడు. చైర్మన్ గారు మాత్రం తొణకలేదు. మైకు అందుకున్నారు.

“చూస్తాండారు కదా! అంత మంటలో ఒక్క అక్షరం చెదరలేదు!”

ముందు వరుస చప్పట్లు కొట్టింది. వెనక వరుసలు అందుకున్నాయి.

ఆ చప్పట్లలోనే కృష్ణకుమారి సేఫ్ అడుగు నుంచి కట్ట తీసి, ముడి విప్పి, పటాన్ని చెన్నకేశవ ముందు పరిచింది. అతను గుట్ట గీత మీద వేలు పెట్టి, కాలిందేమోనని రుద్ది చూశాడు.

“నరేష్‌ను తోడు తీసుకోని పోయి జిరాక్సు తీయించుకోని రాప్పా. సంతకం పెట్టి, సీలేసి ఇస్తా.”

“ఆ కాగితమేంది?” చైర్మన్ గారు మైకు పక్కన పెట్టి వచ్చారు. “మంటలో పొయ్యేది దీంట్లోకి ఎట్లొచ్చింది?”

ఆమె దాచలేదు. “నేనే పెట్టినా సార్.”

జిరాక్సుకు బయలుదేరుతున్న నరేష్‌ను ఆయన వెనక్కి పిలిచి, అక్కడికక్కడే మెమో టైపు చేయించారు. డిజిటల్ వస్తువులకు మాత్రమే ఉద్దేశించిన సేఫ్‌లో అనుమతి లేకుండా కాగితం ఉంచి, దాన్ని కాలకుండా చేసినందుకు కృష్ణకుమారి మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

మెమో కాపీని డిస్కులోకి ఎక్కించి, డిస్కును సేఫ్‌లో పెట్టి తాళం వేశారు. దాంతో మండలి డిజిటల్ రికార్డులు రెట్టింపయ్యాయి.