మా పిన్ని హాజరు

“ఇకమీదట ఈ ప్రభుత్వం దగ్గర ఏ ఒక్క పేషెంటు కాగితమూ దాగి ఉండదు. మీవారి రికార్డు ఏడు రోజుల్లో మీ చేతిలో ఉంటుంది,” అని మానసిక ఉల్లాస శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆ సమయంలో వారి కళ్ళు చెమర్చాయని పేపర్లో రాశారు. ఫొటోలో నల్ల కళ్ళజోడు ఉండటం వల్ల నేను పేపరు మాటే నమ్మాను.

మాలాంటి కుటుంబాలకు ఇంతకంటే ఏం కావాలి? మా పిన్నిని, అంటే మా అమ్మ చెల్లెల్ని, ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట ఊరి చివర పిచ్చాసుపత్రిలో చేర్పించారు. ఇరవయ్యేళ్ళ కిందట ఆ ఆసుపత్రి మూసేశారు. వెళ్ళి అడిగితే రికార్డులు రహస్యం అన్నారు. మేమూ మర్యాదస్థులం కనుక గట్టిగా అడగలేదు. ఆ మర్యాద గుర్తొచ్చి ఈమధ్య నాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

మా అమ్మ రోజూ దేవుడి ముందు కూర్చుని రెండు వరసల పేర్లు చెబుతుంది. బతికున్నవాళ్ళకి ఆరోగ్యం అడుగుతుంది, పోయినవాళ్ళకి శాంతి అడుగుతుంది. పిన్ని మొదటి వరసలో ఉంది. ఎనభై రెండేళ్ళు వచ్చాక అమ్మకు అనుమానం పట్టుకుంది.

“పోయినదానికి మోకాళ్ళ నొప్పులు తగ్గించమని అడుగుతున్నానేమోరా! దేవుడేమనుకుంటాడు?”

“ఏమీ అనుకోడులే అమ్మా.”

“ఆయన అనుకోడు. కానీ అది పోయి ఉంటే దానికి శాంతి అడిగే దిక్కు లేకుండా పోయిందిగా. నా కళ్ళు మూతపడేలోగా కనుక్కో.”

కనుక్కోవడానికి బయల్దేరాను.

పాత ఆసుపత్రిలోనే ఇప్పుడు మానసిక ఉల్లాస శాఖ ఆఫీసు నడుస్తోంది. గోడలకు లేత గులాబీ రంగు వేశారు. గదుల గడియలు మాత్రం ఇంకా బయటివైపే ఉన్నాయి. లోపల ఉద్యోగులు నిశ్చింతగా పనిచేసుకుంటున్నారు.

రికార్డుల గుమస్తా నా దరఖాస్తు రెండుసార్లు చదివాడు.

“పేషెంటు అంగీకార పత్రం ఏదండీ? సంతకం కావాలి.”

“ఆవిడ ఎక్కడుందో తెలుసుకుందామనే వచ్చానండీ.”

“తెలుసుకోండి. తెలిశాక సంతకం పట్టుకురండి.”

“ఒకవేళ పోయి ఉంటే?”

“అయ్యో, అలా అనకండి. పోయి ఉంటే డెత్ సర్టిఫికెట్ చాలు.”

“అది ఎవరిస్తారు?”

“మేమే ఇస్తాం. దరఖాస్తు పెట్టుకోవాలి.”

“ఏ దరఖాస్తు?”

ఆయన నా దరఖాస్తే నా చేతికి తిరిగిచ్చాడు. ఎంత ఓపికో! ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

నా ముఖం చూసి జాలిపడి డైరెక్టరుగారి దగ్గరికి పంపాడు. ఆయన దయగల మనిషి. రూల్సు పక్కన పెట్టి పేషెంట్ల రిజిస్టరు తెప్పించారు. ఆఖరి పేజీలో సున్నా అని ఉంది. చనిపోయినవారు లేరు, ఇంటికి వెళ్ళినవారు లేరు, ఉన్నవారు కూడా లేరు.

“అంతకు ముందు పేజీలో రెండువందల పద్నాలుగు మంది ఉన్నారు కదండీ! వీళ్ళంతా ఏమయ్యారు?”

డైరెక్టరుగారు కుర్చీలో కాస్త వెనక్కి వాలారు. “అది మా శాఖ సాధించిన ఘనత. నెలాఖరుకల్లా పేషెంట్ల సంఖ్య సున్నా కావాలని అప్పటి మంత్రిగారి ఆర్డరు. ఒక్క సాయంత్రంలో చేసి చూపించాం. అందర్నీ స్టాఫ్‌లోకి మార్చాం.”

“పిచ్చి నయమైందాండీ?”

“ఉద్యోగం వచ్చిందిగా!”

స్టాఫ్ హాజరు పట్టీ తెప్పించారు. నిజంగానే మా పిన్ని అందులో ఉంది, రెండో తరగతి సహాయకురాలిగా. ఇరవయ్యేళ్ళుగా రోజూ హాజరు. ప్రతి గడిలోనూ ఆకుపచ్చ సిరాతో టిక్కు. అందరి టిక్కులకూ తోక ఒకేలా పైకి లేచి ఉంది.

“ఆదివారాలు కూడా వచ్చిందే!”

“అంకితభావం.”

“డెబ్బై ఆరేళ్ళొచ్చాయి, రిటైరు కాలేదా?”

“పుట్టిన తేదీ మా దగ్గర లేదు. తేదీ తెలియకుండా రిటైర్ చేస్తే అన్యాయం కదా.”

“ఇప్పుడు ఏ గదిలో ఉందండీ? ఒక్కసారి చూసి వెళ్తాను.”

“ఫీల్డులో ఉంటారు.”

“ఏ ఫీల్డు?”

“మీరు మరీ లోతుగా వెళ్తున్నారు,” అన్నారు ప్రేమగా.

సంగతి మంత్రిగారి చెవిన పడింది. ఇరవయ్యేళ్ళలో ఒక్క సెలవూ పెట్టని రెండువందల పద్నాలుగు మంది తమ శాఖలో ఉన్నారని తెలిసి వారు పులకించిపోయారు. వారం తిరిగేలోగా సన్మాన సభ పెట్టించారు. ఉద్యోగులు డ్యూటీ వదిలి రారు కనుక వారి తరఫున బంధువులు రావాలన్నారు.

అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. వేదిక ఎక్కగానే ఆమె మెడలో పిన్ని పేరున్న కార్డు వేశారు, హాజరు పట్టీలో పిన్ని పేరుకు ఎదురుగా సంతకం పెట్టించారు, భుజాన శాలువా కప్పారు. మంత్రిగారు పక్కన నిలబడి ఫొటోకు నవ్వారు. అమ్మ వదల్లేదు.

“బాబూ, మా చెల్లెలు బతికుందా?”

మంత్రిగారు డైరెక్టరుగారి వైపు చూశారు. డైరెక్టరుగారు గుమస్తా వైపు చూశారు. గుమస్తా పట్టీ తిరగేశాడు.

“ఇవాళ కూడా హాజరేనండీ!”

చప్పట్లు మోగాయి. అమ్మ ఇంకేదో అడిగింది కానీ అప్పటికే మైకు తీసేశారు.

మూడో రోజు గుమస్తా స్వయంగా మా ఇంటికి వచ్చాడు. ప్రభుత్వం గుమ్మం దాకా రావడం నా జన్మలో అదే మొదలు.

“మీ పని అయిపోయిందండీ! పేషెంటు సంతకం దొరికింది. రికార్డు ఇచ్చేస్తున్నాం,” అని కవరు అమ్మ చేతిలో పెట్టాడు.

కవర్లో ఒకే కాగితం. ‘ప్రస్తుత స్థితి: సజీవం. ఆరోగ్యం: బాగుంది. చూసినవారు: గౌరవ మంత్రివర్యులు. ఆధారం: ఫొటో జతచేయబడినది.’ ఫొటోలో శాలువా కప్పుకుని, మెడలో కార్డు వేసుకుని మా అమ్మ నిలబడి ఉంది.

అమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

“పోలిక ఉందిరా. ఇప్పటికి ఇలాగే అయ్యుండేది,” అంది నాతో. తర్వాత గుమస్తా వైపు తిరిగింది. “ఇది నేను కదా నాయనా?”

గుమస్తా కంగారుపడ్డాడు. కాగితం వెనక్కి తీసుకుని, ఫొటోనీ అమ్మనీ మార్చి మార్చి చూశాడు. పాపం, నిజాయితీపరుడు. జేబులోంచి పెన్ను తీశాడు.

“మీరేనని మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందాండీ?”

అమ్మ దేవుడి గూటి వైపు చూసింది.

“లేదు నాయనా. దేవుడికి తెలుసు.”

గుమస్తా మొదటి మాట వరకే రాసుకున్నాడు.