పీరాన్ సాహెబ్ పీకించిన ఫ్యూజు

ఆ గురువారం పొద్దున పీరాన్ సాహెబ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా కొట్టు తెరిచి బాగుచేసిన గడియారాలు అప్పజెప్పడం, మధ్యాహ్నం మసీదు కడిగించడం, రాత్రి షబేబరాత్ జాగరణను గొడవ లేకుండా దాటించడం. మొదటి రెండూ చేతిపనులు. మూడోదానికి ఆయన దగ్గరున్న పనిముట్టు ఒక్కటే, నాలుక.

చిత్తూరులో బెల్లం మండీల వెనక సందులో ఉన్న చిన్న మసీదుకు ఆయన ముతవల్లీ. తాళంచెవుల దగ్గర్నుంచి మైకు దాకా అన్నిటికీ ఆయనదే పూచీ. షబేబరాత్ అంటే చిన్నప్పటి నుంచీ ఆయనకు ఒళ్ళు జలదరించే రాత్రి. రాబోయే ఏడాదిలో ఎవరు పుడతారో, ఎవరు పోతారో, ఎవరి నోటికి ఎన్ని మెతుకులో ఆ రాత్రే పైన రాసిపెడతారని వాళ్ళమ్మ చెప్పేది. గడియారం మూత తీసి సన్న చక్రాల్ని చూసినప్పుడల్లా ఆయనకు ఆ మాటే గుర్తొచ్చేది. ఇంత చిన్న యంత్రానికే ఇంత లెక్క ఉంటే, ఆ పైవాడి లెక్క ఎంతటిదోనని.

ఆ లెక్క కింద, ఆయన ఇద్దరు బావమరుదుల మధ్య మాత్రం ఏడాదిగా మాటల్లేవు.

పెద్దాయన బుడాన్ సాహెబ్‌కు బెల్లం మండీ ఉంది. తాతల నాటి నుంచి వస్తున్నట్టు రాత్రంతా మసీదు దీపాలతో వెలగాలి, మైకులో ప్రసంగం జరగాలి, ఇంటింటికీ హల్వా వెళ్ళాలి, తెల్లవారేలోగా సమాధుల దగ్గర చేతులెత్తి దువా చేయాలి అంటాడు. చిన్నాయన హయాత్ బాషా బడిలో ఉర్దూ పంతులు. ఆ రాత్రి గొప్పదే గాని ఈ దీపాలూ మైకూ గుంపూ ప్రవక్త చెప్పినవి కావనీ, మనిషి తన ఇంట్లో ఒంటరిగా, గుట్టుగా ప్రార్థించుకోవాలనీ అతని వాదన. కిందటేడు ఇదే రాత్రి ఇద్దరూ మసీదు గుమ్మంలో ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. ఈసారి మళ్ళీ గొడవైతే తన వైపు ఇరవై ఇళ్ళవాళ్ళతో వేరే కొట్టం వేసుకుని అందులోనే నమాజు చేసుకుంటామని హయాత్ తేల్చి చెప్పాడు. పీరాన్ సాహెబ్ తండ్రి ఆ మసీదు గోడకు రాళ్ళు మోశాడు. తన చేతిలో అది రెండు ముక్కలైతే, పైన రాసే పుస్తకంలో తన పేరు పక్కన ఏం రాస్తారో తలచుకుంటేనే ఆయనకు చెమటలు పట్టేవి.

అందుకే పొద్దున్నే పెద్దబావమరిది దగ్గరికి వెళ్ళి, రాత్రంతా దీపాలూ మైకూ ఉంటాయని మాటిచ్చాడు. అక్కణ్ణుంచి చిన్నబావమరిది దగ్గరికి వెళ్ళి, పది కొట్టగానే దీపాలూ మైకూ ఆగిపోతాయని మాటిచ్చాడు. ఇద్దరూ ఆయన్ని మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి ఈ సంగతి గర్వంగా చెబితే, భార్య జైబున్నీసా రవ్వ వేయిస్తున్న గరిటె ఆపింది.

"మా అన్నకూ సరే అన్నారు, మా తమ్ముడికీ సరే అన్నారు. రాత్రి పదికి యాడ దాక్కుంటారు?"

ఆ ప్రశ్న ఆయనకు అప్పటిదాకా తట్టలేదు. జవాబు మాత్రం కొట్టుకు వెళ్ళే దారిలో, కరెంటు స్తంభం రూపంలో కనిపించింది. ఆ ఏడాది కరెంటు కోతలు మామూలే. పదింటికి కరెంటు పోతే తప్పు ఎవరిదీ కాదు. పెద్దాయన మాటా నిలబడుతుంది, చిన్నాయన మాటా నిలబడుతుంది.

లైన్‌మన్ ప్రేమానందం చేతిగడియారం వారం రోజులుగా ఆయన కొట్లోనే ఉంది. సరిగ్గా పన్నెండింటికి దాని ముళ్ళు సరిచేసి, అతని చేతికి కట్టి, విషయం చెప్పాడు. పదికి ఫ్యూజు పీకాలి, నాలుగుకు మళ్ళీ పెట్టాలి.

ప్రేమానందం వెనక్కి తగ్గాడు. "దేవుడి కాడ దీపం ఆర్పమంటావా అప్పా? నాకు పాపం రాదా?"

"నువ్వు ఫ్యూజే పీకేది. పాపం నా కాతాలో పడతాది."

ఈ పంపకం ప్రేమానందానికి న్యాయంగానే తోచింది. అయితే పీరాన్ సాహెబ్ హడావుడిలో ఒక సన్న మర సరిగ్గా బిగించలేదు. ఆ గడియారం గంటకు ఐదు నిమిషాల చొప్పున ముందుకు పరిగెడుతోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

మధ్యాహ్నం మసీదు కడిగిస్తుండగా బుడాన్ సాహెబ్ మనిషి వచ్చి చల్లటి కబురు చెప్పాడు. కరెంటు కోతకు భయపడి పెద్దాయన ముందే ఆరు పెట్రోమాక్సు లైట్లు మాట్లాడుకున్నాడట. పీరాన్ సాహెబ్ చీపురు అక్కడే వదిలి, లైట్లు అద్దెకిచ్చే నారాయణ కొట్టుకు పరిగెత్తాడు. లైట్లు లేవని చెప్పమని బతిమాలాడు. నారాయణకు కారణం అర్థం కాలేదు గాని, ముతవల్లీ అంతటివాడు అడిగాడు కదా అని, లైట్లన్నీ ఏర్పేడు పెళ్ళికి వెళ్ళిపోయాయని బుడాన్ సాహెబ్‌కు కబురు పెట్టాడు.

బుడాన్ సాహెబ్ ఒకచోట కాదంటే దానికి రెండింతలు ఇంకోచోట నుంచి తెచ్చే రకం. పాకాల దగ్గర టూరింగ్ టాకీసు నడిపే ఆసామి ఆయన మండీకి పాత నేస్తం. సాయంత్రం అయిదింటికల్లా ఆ టాకీసు జనరేటరు లారీ మీద సందులోకి దిగింది. దాని ఒంటి నిండా టాకీసు పేరు ఎర్రరంగుతో రాసి ఉంది. పక్కనే రెండు పెద్ద స్పీకర్లు.

దాన్ని చూసిన మొదటి మనిషికి కలిగిన అనుమానం, పదో మనిషి దగ్గరికి చేరేసరికి ఖాయమైపోయింది. ఈ రాత్రి సందులో సినిమా వేస్తారు. టిక్కెట్టు లేదు. ఏడున్నరకు జనం చాపలూ చంటిపిల్లలతో వచ్చి స్థలాలు పట్టుకున్నారు. మంచి స్థలాలన్నీ హయాత్ బాషా ఇంటి ముందున్నాయి. వచ్చి కూర్చున్నవాళ్ళు, బొమ్మ ఎప్పుడు మొదలవుతుందని హయాత్‌నే అడిగారు.

పవిత్రమైన రాత్రి మసీదు పక్కన సినిమా వేస్తున్నారని తెలిసిన హయాత్ ముఖం ఎలా మారిందో చూసినవాళ్ళు పీరాన్ సాహెబ్‌కు వర్ణించి చెప్పారు. అతను ఇరవై ఇళ్ళవాళ్ళనూ పోగుచేస్తున్నాడట. తొమ్మిదిన్నరకు అందరూ కలిసి వస్తారట.

పీరాన్ సాహెబ్ మసీదులో ప్రసంగాల మెట్టు మింబరు పక్కన నిలబడి గోడగడియారం వంక చూశాడు. తొమ్మిదీ పది. రంగురంగుల బల్బులు మిలమిల వెలుగుతున్నాయి. ఇమాం మైకులో ప్రసంగిస్తున్నారు. పదింటి దాకా ఆగడు హయాత్. పదింటి దాకా ఆరవు దీపాలు. ఆ మధ్య అరగంటలో తండ్రి మోసిన రాళ్ళు విడిపోతాయి.

తొమ్మిదింపావుకు టక్కున కరెంటు పోయింది.

ప్రేమానందం గడియారంలో పది కొట్టిందని పీరాన్ సాహెబ్‌కు తెలియదు. దేవుడే కలగజేసుకున్నాడనుకుని చేతులెత్తాడు. ఆ చేతులు దించేలోపే జనరేటరు దడదడమని లేచింది. మసీదు గోడలు వణికాయి, కిటికీ అద్దాలు పళ్ళు కొరికాయి, దీపాలు వెలిగాయి గాని ఇమాం నోరు కదలడం తప్ప మాట వినపడలేదు. సందులో జనం సినిమా మొదలైందని ఈలలు వేశారు. కమ్మటి ఊదుబత్తి వాసన మీద డీజిలు పొగ దుప్పటిలా పరుచుకుంది.

బుడాన్ సాహెబ్ సజ్దాలో ఉన్నాడు. నేలకు నుదురు ఆనించి తన మాట తనకే వినిపించక, మొదటి నుంచీ మళ్ళీ మొదలుపెట్టాడు. మూడోసారి కూడా అదే అయింది. లేచాడు. కండువా దులుపుకుని నేరుగా లారీ దగ్గరికి వెళ్ళాడు.

"ఆపప్పా దీన్ని."

"ఇప్పుడు ఆపితే మళ్ళా ఎక్కదు సామీ. ఎక్కించే దానికే నా సేతులు పడిపోయినాయి," అన్నాడు జనరేటరు మనిషి.

"ఎక్కకపోతే పోనీ. నా మొర నాకే వినపడకపోతే, పైవాడికేం వినపడతాది?"

జనరేటరు దగ్గింది, మూలిగింది, ఆగింది. ఆ మనిషి తన తీగలు పీకి, మసీదు తీగలు ఎప్పట్లాగే తగిలించి, లారీ ఎక్కి పడుకున్నాడు.

అప్పుడు తెలిసింది, ఆకాశంలో పున్నమి చంద్రుడున్నాడని. ఇన్నేళ్ళుగా ఆ రాత్రి ఆ చంద్రుడు అక్కడే ఉంటున్నాడు. రంగు బల్బుల వెనక ఎవరూ చూసిన పాపాన పోలేదు. వెన్నెల మినార్ల మీదుగా జారి, కాళ్ళూచేతులూ కడుక్కునే వుజూ తొట్టిలో దిగి, మసీదు వాకిలంతా పాలు పోసినట్టు నిండింది. దగ్గినవాడు కూడా కండువా అడ్డం పెట్టుకుని దగ్గాడు. ఎవరూ చెప్పకుండానే ఎవరికి వారు ఒక్కో చోటు చూసుకుని చేతులెత్తారు. ముసలి కళ్ళ నుంచి నీళ్ళు గడ్డాల్లోకి దిగుతుంటే అవి కూడా వెన్నెల్లాగే మెరిశాయి. పీరాన్ సాహెబ్‌కు ఒళ్ళంతా గగుర్పొడిచింది. పైన ఎక్కడో నిజంగానే పేజీలు తిరుగుతున్నాయనిపించింది.

సందులో ఈలలు ఆగిపోయాయి. సినిమా లేదని తెలిసినా ఎవరూ చాపలు చుట్టలేదు. తెరిచిన గుమ్మంలోంచి కనిపిస్తున్న ఆ మనుషుల్ని చూస్తూ అలాగే కూర్చుండిపోయారు. పూలమ్మే గంగులమ్మ మాత్రం పక్కావిడ చెవిలో, ఒక్కరూ మాట్లాడకపోయినా ఏడుపొస్తోందే అని గొణిగి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సరిగ్గా తొమ్మిదిన్నరకు హయాత్ బాషా ఇరవై ఇళ్ళవాళ్ళతో గుమ్మంలోకి వచ్చాడు. నోటి నిండా సిద్ధం చేసుకున్న మాటలున్నాయి. వాటిని విసరడానికి ఎదురుగా ఒక్క దీపం లేదు, మైకు లేదు, గుంపు లేదు. ఉన్నదల్లా ఎవరికి వారుగా గుట్టుగా దేవుడితో మాట్లాడుకుంటున్న మనుషులు. తను పదేళ్ళుగా చెబుతున్నది అచ్చంగా అదే.

"ఇంకా పది కాలేదే బావా?" అన్నాడు మెల్లగా.

"నీ కోసం ముందే ఆపించినా," అన్నాడు పీరాన్ సాహెబ్. నాలుక తన అలవాటు మానలేదు.

హయాత్ ఇంటి గుమ్మం నిండా చాపలు పరిచి ఉన్నాయి. ఆ రాత్రి గుట్టుగా ప్రార్థించుకునే చోటు ఇక మసీదు ఒక్కటే. వెంట వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు విడిచి లోపలికి సర్దుకున్నారు. చివరికి హయాత్‌కు మిగిలిన ఖాళీ ఒక్కటే, తొట్టి పక్కన, అన్న ఎడమ భుజం దగ్గర. దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. బుడాన్ సాహెబ్ తల తిప్పలేదు. తన శాలువా అంచు మాత్రం పక్కకు జరిపి నేల మీద పరిచాడు. హయాత్ దాని మీద కూర్చున్నాడు.

పీరాన్ సాహెబ్ ఇంక అక్కడ నిలబడలేకపోయాడు. చీకట్లో మింబరు పక్కకు వెళ్ళి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గంటలు గడిచాయి. ఆ ఇద్దరి ముఖాలూ వెన్నెల్లో పక్కపక్కన కనిపిస్తున్నాయి. ఇంత గొప్ప దృశ్యం తన అబద్ధాల మీద నిలబడి ఉందన్న ఆలోచన ఆయన్ని లోపలి నుంచి నలిపేస్తోంది. క్షమాపణ అడగడానికే ఉన్న రాత్రి ఇది. తెల్లవారితే పుస్తకం మూసేస్తారు. ఇక ఉండబట్టలేక కళ్ళు మూసుకుని గొంతు విప్పాడు. తన ముక్కుకు జానెడు దూరంలో మైకు నిలబడి ఉందనీ, దాని మీట ఎవరూ కట్టెయ్యలేదనీ ఆయనకు ధ్యాస లేదు.

ప్రేమానందం గడియారంలో నాలుగయింది. ఊళ్ళో గడియారాలన్నిటిలోనూ ఇంకా మూడు కూడా కాలేదు.

బల్బులు భగ్గుమన్నాయి. మినారు మీది స్పీకరు గురకపెట్టి మేల్కొంది.

"... పెద్దోడికి ఒకటి చెప్పినా, చిన్నోడికి ఒకటి చెప్పినా. నారాయణ చేత అబద్ధం ఆడించినా. ఫ్యూజు పీకించింది కూడా నేనే, యా అల్లా. నీ ఇల్లు రెండు కాకూడదని చేసినా. నన్ను ఏమైనా చెయ్యి, ఈ ఇద్దర్నీ మాత్రం విడదీయబాక."

ఆ మాటలు మండీల మీదుగా, చాపల మీదుగా, నిద్రలేచిన ప్రతి ఇంట్లోకీ వెళ్ళాయి. కళ్ళు తెరిచేసరికి మసీదంతా ఆయన వైపే చూస్తోంది. వాకిట్లో బావమరుదులిద్దరూ లేచి నిలబడి ఉన్నారు. ఏడాది తర్వాత మొదటిసారి అన్న తమ్ముడితో మాట్లాడాడు.

"విన్నావా?"

"విన్నా."

"ఏం చేద్దామంటావు ఈయన్ని?"

"నువ్వెట్లంటే అట్లే అన్నా."

పీరాన్ సాహెబ్‌కు ఆ జవాబు విని భయపడాలని గుర్తు రాలేదు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

తెల్లవారుజాము నమాజుకు అన్నదమ్ములు ఒకే వరసలో, భుజం భుజం ఆనించి నిలబడ్డారు. బుడాన్ సాహెబ్ హల్వా డబ్బా తమ్ముడి ముందుకు జరిపాడు. హయాత్ దాన్ని ఆచారంగా కాదు, ఆకలితో తింటున్నానని స్పష్టం చేసి తిన్నాడు. కొత్త కొట్టం మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఎండ పొడవకముందే వాకిట్లోనే కమిటీ కూర్చుంది. ముతవల్లీని మార్చాలని అన్న ప్రతిపాదించాడు, తమ్ముడు బలపరిచాడు. అందరి చేతులూ లేచాయి. అందరికంటే ఎత్తుగా లేచిన చెయ్యి పీరాన్ సాహెబ్‌ది.

మసీదు కట్టిన నాటి నుంచి అక్కడ ఏకగ్రీవంగా జరిగిన తీర్మానం అదొక్కటే.