నా ఉత్తరం ముందు మీరు చదవండి

తన పేరున వచ్చిన ఉత్తరాన్ని తానే ముందు చదవాలనుకునే మనిషి కన్నా స్వార్థపరులు ఇంకెవరూ ఉండరని నా నిశ్చితాభిప్రాయం.

కోపం తెచ్చుకోకండి. ఇది ఏడాదిన్నరగా ఆలోచించి చెబుతున్న మాట. మా ఇంటికి ఇంటర్నెట్ వచ్చి కూడా సరిగ్గా ఏడాదిన్నరే అయింది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా బ్లాకుకి ఆ తీగ లాగినవాడు మనోజ్. స్టేషన్ దగ్గర ఒక గదిలో ఆఫీసు పెట్టి కాలనీ మొత్తానికి కనెక్షన్లు ఇస్తుంటాడు. కనెక్షన్ తీసుకున్నవాళ్ళకి ఒక ఈమెయిల్ అడ్రస్ కూడా ఇస్తాడు, గ్యాస్ పొయ్యితో పాటు లైటర్ ఇచ్చినట్టు. మా అడ్రస్‌లో మా వారి పేరు నాగేంద్ర, పక్కన మా క్వార్టర్ నంబరు 214. పాస్‌వర్డ్ కూడా 214.

"గుర్తుండాలి కదా భాభీజీ" అన్నాడు మనోజ్.

నిజమే. మాకే కాదు, పోస్ట్‌మ్యాన్‌కీ పాలవాడికీ కూడా గుర్తుంటుంది.

కొందరు తెలివైనవాళ్ళు నాకు సలహా ఇస్తుంటారు. "కనెక్షన్ వాడిచ్చే మెయిల్ ఎందుకండీ, వెబ్‌మెయిల్ తీసుకోండి. ఊరికే ఇస్తారు, ఎక్కడి నుంచైనా తెరుచుకోవచ్చు, ప్రైవసీ ఉంటుంది" అని. ప్రైవసీ! మాది రెండు గదుల క్వార్టర్. పక్కింటి కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో చెప్పి, ఇవాళ వాళ్ళింట్లో పప్పా మాంసమా అని పందెం కాసుకునేంత దగ్గరగా బతుకుతున్నాం. అలాంటి చోట ఉత్తరాలకు మాత్రం తాళం ఎందుకు?

పైగా కనెక్షన్ వాడిచ్చిన మెయిల్ మనకు వేదాంతం నేర్పుతుంది. ఉద్యోగం ఉన్నంతవరకే క్వార్టర్, కనెక్షన్ ఉన్నంతవరకే అడ్రస్. మా ఎదురింటి త్రినాథరావు గారికి రాయగఢ్ ట్రాన్స్‌ఫర్ అయింది. సామాను లారీ ఎక్కిన రోజే మనోజ్ తీగ కోశాడు, అడ్రస్ కూడా పోయింది. ఊరూరా బంధువులకు, బ్యాంకుకు, అమ్మాయి కాలేజీకి అదే అడ్రస్ ఇచ్చి ఉన్నారాయన. ఇప్పుడు ఆయన్ని ఏ ఉత్తరమూ బాధించదు. డబ్బు పోసి కొన్నా ఇంత ప్రశాంతత దొరుకుతుందా?

ఇక నా సొంత అనుభవానికి వస్తాను.

నేను తెలుగు ఎమ్మే చదివాను. శుభలేఖలో అచ్చుతప్పు కనిపిస్తే ఆ పెళ్ళిలో నాకు భోజనం సయించదు. పోయిన జనవరిలో, విశాఖపట్నంలో పిల్లల పుస్తకాలు వేసే ఒక సంస్థ, ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దేవాళ్ళు కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చింది. పదిహేడేళ్ళుగా ఆవకాయ సీసాల మీద చీటీలు తప్ప తెలుగులో నేను రాసిందేమీ లేదు. అయినా దరఖాస్తు పంపాను. జవాబుకు అడ్రస్ కావాలి కదా. మాకున్నది ఒక్కటే, నాగేంద్ర 214.

మూడు వారాలు ఎదురుచూశాను. ఫిబ్రవరి పన్నెండున మేడ మీద అప్పడాలు ఆరబెడుతుంటే పక్కింటి అప్పయమ్మగారు వచ్చారు. ఆవిడ మామగారి కాలంలోనే పార్వతీపురం నుంచి రైల్వేలోకి వచ్చిన కుటుంబం వాళ్ళది.

"ఏటమ్మా సౌమ్యా, ఇశాపట్నం నుంచి ఉజ్జోగం వొచ్చిందట గదా. ఒక్క ముక్క సెప్పలేదు."

"నాకే తెలీదు పిన్నిగారూ. మీకెవరు చెప్పారు?"

"మనోజ్ మా అబ్బాయి పైడిరాజుతో అన్నాడట. ఏదో పెద్ద ఫైలు వొచ్చిందట, లైను జామ్ అయిపోద్దేమోనని తెరిసి సూసాడట. పది పేజీలట. ఏనుగు బొమ్మ ఉందట, సీమ బొమ్మ ఉందట. ఉజ్జోగమంటే ఇదేటమ్మా, బొమ్మలకి రంగులెయ్యాలా?"

చూశారా! నా ఉత్తరం నాకంటే ముందు నా ఇరుగుపొరుగుకు అందింది, బొమ్మలతో సహా. ఏ వెబ్‌మెయిల్ ఇంత సేవ చేస్తుంది?

అప్పడాలు అప్పయమ్మగారికి అప్పగించి కిందికి పరుగెత్తి కంప్యూటర్ తెరిచాను. ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. పది పేజీల నమూనా పంపుతున్నామని, పదిహేనో తారీకులోగా దిద్ది పంపితే పని ఇస్తామని రమణమూర్తి గారని ఒక సంపాదకుడు రాశారు. ఇంకా మూడు రోజుల గడువుంది. గుండె కుదుటపడేలోపే ఇంకొకటి కనిపించింది. ఆ ఉత్తరానికి జవాబు వెళ్ళిపోయింది!

పంపిన ఉత్తరాలలో వెతికి చదివాను. ఇంగ్లీషులో, రెండే వాక్యాలు. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"మీ లేఖ అందినది. మా అమ్మాయికి బోర్డు పరీక్షలు ఉన్నందువల్ల, ఇంట్లో స్టాఫ్ కొరత వల్ల, నా భార్య శ్రీమతి సౌమ్యను ప్రస్తుతం స్పేర్ చేయలేం. ఇట్లు, నాగేంద్ర."

రైల్వే వాళ్ళకి ఈ మాట కొత్త కాదు. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ చేతికొచ్చినా పైఅధికారి మనిషిని వదలకపోతే, 'స్పేర్ చేయలేదు' అంటాం. ఒకప్పుడు మా వారినీ రెండేళ్ళు స్పేర్ చేయలేదు. ఆ రెండేళ్ళూ ఆయనకు ఆ అధికారిని తిట్టకుండా అన్నం ముద్ద దిగలేదు.

డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్న ఆయన్ని అడిగాను.

"ఇదేమిటండీ?"

"ఏది? అచ్ఛా, అదా. నువ్వు మొహమాటపడతావని నేనే రాసేశాను. ఎంత మర్యాదగా రాశానో చూడు. రిఫ్యూజ్ అన్న మాట ఎక్కడైనా ఉందా?"

"నన్నొక మాట అడగాల్సింది కదా."

"అడిగితే చేస్తానంటావు."

ఇంతకన్నా నిజాయితీ గల భర్త మీకెక్కడైనా కనిపించాడా? లోకంలో ఎంతోమంది ఉత్తరాలకు జవాబులు రాయలేక సతమతమవుతుంటే, నాకు ఆ శ్రమ కూడా లేకుండా పోయింది. చదివేందుకు మనోజ్, చెప్పేందుకు అప్పయమ్మగారు, జవాబుకు మా వారు. ఇన్ని సౌకర్యాలున్న మెయిల్‌లో ఇక నాతో పనేముంది?

అందుకే మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, వెబ్‌మెయిల్ ఎంత చెడ్డదో స్వయంగా పరీక్షిద్దామని ఒకటి తెరిచాను.

నిజంగానే చెడ్డది. మన ఉత్తరాలను ఒక యంత్రం చదువుతుంది. చదివి, అందులోని మాటలకు తగ్గ ప్రకటనలు పక్కన పెడుతుంది. నా కాలేజీ స్నేహితురాలికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తూ "ఏం చేస్తున్నావ్" అన్నాను. మధ్యలో స్పేస్ బటన్ తగిలి ఆ మాట విరిగింది. ముందు సగం 'చెస్ట్' అని మిగిలింది. ఆమె జవాబిచ్చేసరికి పక్కన ఛాతీనొప్పి డాక్టర్ల ప్రకటనలు మూడు నిలబడి ఉన్నాయి. ఈ మధ్య నా ఆరోగ్యం గురించి అంతగా కంగారుపడినవాళ్ళు లేరు.

అయినా ముక్కూ మొహం తెలియని యంత్రం మన ఉత్తరం చదవడమేమిటి? మనోజ్ చదివితే అదొక పద్ధతి. లాల్‌ఖదాన్‌లో అతని ఇల్లెక్కడో నాకు తెలుసు, వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పులూ తెలుసు. ఈ యంత్రం ఏ దేశంలో ఉంటుందో, నా ఉత్తరాలు ఎన్నేళ్ళు దాచుకుంటుందో, రేపు ఎవరికి చూపిస్తుందో అడుగుదామంటే గుమ్మం లేదు. ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

ఒళ్ళు జలదరిస్తుండగానే రమణమూర్తి గారికి ఉత్తరం రాశాను. "అయ్యా, నన్ను స్పేర్ చేశారు. పది పేజీలూ మళ్ళీ పంపగలరు" అని. పంపారు. చీమకు ఆరు కాళ్ళకు బదులు ఆరు 'కళ్ళు' వచ్చాయని, ఏనుగు 'తొండం' కాస్తా 'తోడం' అయిందని దిద్ది, పద్నాలుగో తారీకుకే తిప్పి పంపాను. పని దొరికింది. ఆ సంగతి అప్పయమ్మగారికి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ నొచ్చుకున్నారు.

"మనోజ్ సెప్పలేదే" అన్నారు, అనుమానంగా.

కాబట్టి పాఠకులారా, ఏ మెయిల్ మంచిదని మీరు నన్నడిగితే కనెక్షన్ వాడిచ్చిందే మంచిదంటాను. దాన్నిండా మనుషులుంటారు. వెబ్‌మెయిల్‌లో ఒక్క యంత్రమే. అది కూడా అంతా చదువుతుంది, కాని ఎంత వింతో చూడండి, ఇంతవరకూ ఒక్కసారి కూడా నా తరఫున జవాబు రాయలేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను వంటింట్లో పీట మీద కూర్చుని, ఎర్రపెన్నుతో రెండో పుస్తకం దిద్దుతున్నాను. ముందుగదిలో కంప్యూటర్ దగ్గర నుంచి మా వారు పిలిచారు.

"సౌమ్యా, నీ కొత్త మెయిల్ పాస్‌వర్డ్ 214 కాదేటి?"

"కాదండీ."

కీబోర్డు టకటకలాడింది. పాస్‌వర్డ్ మరిచిపోయామంటే వెబ్‌మెయిల్ ఒక రహస్యప్రశ్న వేస్తుంది, సరైన జవాబు చెబితే తలుపు తీస్తుంది. ఆ ప్రశ్నను ముందే మనం ఎంచుకోవాలి. నేను ఎంచుకున్నదాన్ని ఆయన గట్టిగా చదివారు.

"మీ అమ్మగారి పుట్టింటివాళ్ళ ఇంటిపేరు ఏటి?"

పదిహేడేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఆయన నోట వినడం అదే మొదటిసారి. నాకు సంతోషమే వేసింది. పెన్ను మూత పెట్టి, ఎంతో మర్యాదగా, రిఫ్యూజ్ అన్న మాట ఎక్కడా రాకుండా జవాబిచ్చాను.

"ప్రస్తుతం స్పేర్ చేయలేం."