శాలిబండలో యువ ప్రతిభ స్వాగత కేంద్రం

"ప్రపంచ ప్రతిభకు ఇక శాలిబండే చిరునామా" అని మా డివిజన్ పార్టీ అధ్యక్షుడు వైకుంఠమన్న పోయిన నెల మైకుల ప్రకటించిండు. నేను నా గాజుల దుకాణం మెట్ల మీద నిలబడి విన్న. మస్తు గర్వమైంది. ఎందుకంటే మా సందుల ఉన్న ప్రపంచ ప్రతిభ మొత్తం మా ఇంటి మీది రూమ్‌లనే కిరాయికుంటుండె.

ఆ పిల్ల పేరు స్రవంతి. ఊరు ఆసిఫాబాద్. ఐటీ కంపెనీల డేటా ఇంజనీర్. రోజూ రెండు బస్సులు మారి, రెండు గంటలు నిలబడి ఆఫీసుకు పోయేది.

వైకుంఠమన్న ఆమెను స్టేజీ ఎక్కించి శాలువా కప్పిండు. ఆఫీసు పక్కన ఉండక మా శాలిబండనే ఎందుకు ఎంచుకున్నవమ్మా అని అడిగిండు.

"అక్కడి కిరాయిలు కట్టలేక సార్. ఇక్కడ తక్కువ."

అన్న మైకు తీసుకొని, మన సంస్కృతి చూసి వచ్చిందట అని జనానికి వివరించిండు. ఎదుటిమనిషి మాటల లోతు గట్ల పట్టుకునుడు అందరికీ రాదు.

వారంల సందంత ఫ్లెక్సీలు లేసినయ్. అవి చదివినంక ఓనర్లకు తమ ఇండ్ల విలువ తెలిసొచ్చి కిరాయిలు పెంచిండ్రు. బట్టలు కుట్టుకునే రెండు కుటుంబాలు ఖాళీ చేసి పోయినయ్. అభివృద్ధి గింత జల్ది వస్తదని నేననుకోలే.

తర్వాత అన్న "యువ ప్రతిభ స్వాగత కేంద్రం" సాంక్షన్ చేయించిండు. చదువుకొని బయటి జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు రూమ్‌లు చూపించే ఆఫీసది. దానికి ఒక రూమ్ కావాలె. గాలీ వెలుతురూ చూసి, స్రవంతి ఉంటున్న రూమే సెలెక్ట్ చేసిండు. రెండింతల కిరాయన్నడు. ప్రజాసేవ కదా, నేను కాదనలే.

స్రవంతికి చెప్తే ఆ పొద్దు ఆఫీసుకు పోలే. సాయంత్రం దిగొచ్చి ఒక్కటే అడిగింది.

"మీరు ఒప్పుకున్నరా అంకుల్?"

బస్తీ పేరు పెరగాలె కదా బిడ్డా అన్న. ఆమె కండ్లు తుడుచుకున్నది. కుండీల పెంచుకున్న మిర్చి చెట్టు మా ఇంటామె చేతుల పెట్టి, సిటీ అవుతల జల్‌పల్లిల రూమ్ చూసుకున్నది. ఇప్పుడు మూడు బస్సులు.

ఓపెనింగ్‌కు రిబ్బన్ కోయాలంటే ప్రతిభ కావాలె. మిగిలిన సామాను కోసం ఎట్లనూ వస్తున్నదని ఆమెనే పెట్టిండ్రు. తన పాత తలుపుకు కట్టిన రిబ్బన్ తనే చక్కగ కోసింది.

అప్పుడే విశాల్ అనే పిల్లగాడు మంచిర్యాల నుంచి బ్యాగేసుకొని దిగిండు. కొత్త నౌకరట. ఫ్లెక్సీ చూసి వచ్చిండు. అన్న అతనికీ శాలువా కప్పిండు. కేంద్రం ఇన్‌చార్జి రిజిస్టరంత తిరగేసి, అతను చెప్పిన కిరాయికి శాలిబండల రూమ్ లేదన్నడు.

"జల్‌పల్లిల మా ఓనర్ దగ్గర ఇంకో రూమ్ ఉంది. నా సామాను ఆటోల జాగుంది, రా తమ్ముడూ" అన్నది స్రవంతి.

కూలర్, బకెట్లు, గిన్నెలు ఎక్కించినం. పరుపు ఎక్కిస్తుండంగ అన్న పచ్చజెండా పట్టుకొని ఆటో ముందట నిలబడ్డడు. ఫోటోలు తీసిండ్రు. ఆటో కదిలిపోయింది.

మర్నాడు పేపర్ల ఫోటో పెద్దగ వచ్చింది. కింద గిట్ల రాసిండ్రు: "శాలిబండకు సామానుతో తరలివచ్చిన యువ ప్రతిభకు స్వాగతం పలుకుతున్న వైకుంఠం."

ఎడమ పక్క పరుపు పట్టుకున్నది నేనే.